గినీపిగ్గులకు ఉగ్గు పెట్టిన రోజులు

పశువైద్య శాఖ ల్యాబులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పి, "ఎన్ని మూగజీవాలను కాపాడారో ఆ దేవుడికే తెలియాలి" అని పొగిడారు. దేవుడి సంగతేమో గానీ, నా తెలివితేటల వల్ల చావు అంచుదాకా వెళ్లిన జీవాలెన్నో మాత్రం నాకు తెలుసు. తొమ్మిది. తొమ్మిదీ గినీపిగ్గులే. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మీ అనుభవాలేమైనా చెప్పండి సార్" అంటుంటారు. వాళ్లకు కావలసింది నా గొప్పలు. నా దగ్గర ఉన్నవాటిలో చెప్పదగ్గది ఇదొక్కటే.

ఎనభైల మధ్య మాట. గుంటూరులో మా ల్యాబంటే నాలుగు గదులు, వెనక ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో బోనుల్లో గినీపిగ్గులుండేవి. ఎలుకకు పెద్ద, కుందేలుకు చిన్న. తోక ఉండదు. పొద్దున్నే మనిషి అడుగుల చప్పుడు వినబడితే చాలు, మేత వస్తోందని కీచుకీచుమంటూ షెడ్డు ఎగరగొట్టేవి. కొన్ని జబ్బులు మైక్రోస్కోపులో దొరకవు. అలాంటప్పుడు అనుమానమున్న పాలో, కఫమో వీటికి సూది వేసి, కొన్ని వారాలు చూసి, తర్వాత కోసి లోపల ఏముందో పరీక్షించేవాళ్లం. అప్పటికి అంతకన్నా నమ్మకమైన దారి మాకు లేదు.

షెడ్డు మా అటెండరు చేతిలో ఉండేది. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడు కాబట్టి నేను పెద్దాయన అనేవాణ్ణి. ఆదివారం వాళ్ల పేట చర్చిలో వాక్యం చెప్పేవాడు. మిగతా ఆరు రోజులూ గినీపిగ్గులకు చెప్పేవాడు. అవే శ్రద్ధగా వింటాయని ఆయన అభిప్రాయం.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. రైతులు మందు కొట్టీ కొట్టీ గాలినే చేదు చేశారు. సత్తెనపల్లి బస్సెక్కితే సగం దారి నుంచే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది. మా గినీపిగ్గులకు రోజూ పచ్చిగడ్డి కట్టలు బయటినుంచి వచ్చేవి. ఒకరోజు వచ్చిన కట్టలు పత్తిచేను గట్టు మీదివి. పొద్దున వేస్తే మధ్యాహ్నానికి సగం బోనులు ఖాళీ. మిగిలినవి ఆ తొమ్మిది.

అప్పుడు రంగంలోకి దిగింది నేను. బి.ఎస్సీ. ఫస్టు క్లాసు, ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు, ప్రపంచాన్ని ఉద్ధరించే వయసు. పచ్చి ఆకు అనేదే షెడ్డు గడప తొక్కకూడదన్నాను. గోధుమ తవుడు, మొక్కజొన్న పిండి, పుట్నాల పొడి కలిపి జావలాంటి ముద్ద ఒకటి తయారుచేశాను. గినీపిగ్గుకు సి విటమిన్ బయటినుంచే అందాలని పుస్తకంలో ఉంది. మనిషికీ అంతే. అందుకని అందులో నాలుగు నిమ్మకాయలు పిండాను. పిండాక, క్రిములేమీ మిగలకుండా మొత్తం డబ్బాలకెత్తి ఆటోక్లేవులో పెట్టాను. ఆటోక్లేవంటే ల్యాబుల్లో వాడే పెద్ద ప్రెషర్ కుక్కరు. పదిహేను పౌన్ల ఒత్తిడి మీద ఇరవై నిమిషాలు.

తప్పెక్కడుందో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఇంట్లో నిమ్మకాయ పులిహోర కలిపే ప్రతి మనిషికీ తెలుసు, పొయ్యి మీద నుంచి దించాకే నిమ్మరసం పిండాలని. మాకు మాత్రం రెండు నెలలు తెలియలేదు. తెలియకపోగా దానికి చార్టు రాశాను. మా డాక్టరుగారు, అంటే ల్యాబు అధికారి, ఆ చార్టు చూసి మురిసిపోయి సంతకం పెట్టి హైదరాబాదు పంపించారు. మిగతా జిల్లాల ల్యాబులకు కూడా పంపుదామని అక్కడినుంచి జవాబొచ్చింది. ఆ ఉత్తరం మడతలు చిరిగేదాకా జేబులో పెట్టుకు తిరిగాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే సత్తెనపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక సీసా పాలొచ్చాయి. ఆ పాల వెనక ఒక గేదె, గేదె వెనక ఒక మనిషి. ఆమె కూలికి పోయి పత్తి తీస్తుంది, మిరపకాయలు కోస్తుంది. సొంతమంటూ ఉన్నది ఆ గేదె ఒక్కటే. పాలు పట్నంలో ఒక హాస్టలుకు పోసేది. హాస్టలు పిల్లలకు దగ్గులు పట్టుకునేసరికి ఎవరో పాల మీద అనుమానపడ్డారు. అక్కడి పశువుల డాక్టరు గేదె మెడకు క్షయ పరీక్ష సూది వేస్తే కాస్త వాపు కనబడింది. క్షయ అనడానికి చాలదు, కాదనడానికి ఎక్కువ. ఇక తేల్చాల్సింది మా గినీపిగ్గులు. జబ్బుందని తేలితే గేదెను చంపి సున్నం పోసి పూడ్చాలి. తేలేదాకా చుక్క పాలు అమ్మకూడదు.

రెండు గినీపిగ్గుల తొడలకు ఆ పాల మడ్డి సూది వేశాం. గుర్తుకు చెవుల మీద ఊదారంగు మందు చుక్క పెట్టాం. వారం వారం తూచడం, ఆరు వారాలయ్యాక కోసి చూడటం, ఇదీ పద్ధతి.

రెండో వారానికే అవి తిండి మానేశాయి. నిజానికి తొమ్మిదీ మానేశాయి. బొచ్చు రేగిపోయి, మూలకు ముడుచుకుని, ఎత్తుకుంటే నొప్పితో అరిచేవి. మోకీళ్లు వాచాయి. కానీ మేం తూచేది సూది వేసినవాటినే. మిగతావి తూచమని ఏ రిజిస్టరూ అడగలేదు.

చేత్తో తాగిద్దామన్నాడు పెద్దాయన. దాంతో మా ఆఫీసు మొత్తానికి వంట పూనకం వచ్చింది. పెద్దాయన వాళ్లింటి నుంచి రాగిజావ తెచ్చాడు. గుమాస్తా ఉలవచారు తెచ్చి, దీంతో ఎద్దులే లేచి నిలబడతాయని హామీ ఇచ్చాడు. డాక్టరుగారు గ్లూకోజు వెయ్యమన్నారు. నేను ఎవరినీ కాదనలేదు. షరతు ఒకటే పెట్టాను. ఏది తెచ్చినా ముందు ఆటోక్లేవులోకి వెళ్లాల్సిందే. ఉలవచారును పదిహేను పౌన్ల మీద శుద్ధి చేసిన మొదటి మనిషిని బహుశా నేనే.

సూది తీసేసిన సిరంజితో తాగించేవాణ్ణి. ఒకటి ఎంతకీ నోరు తెరవకపోతే విసుగొచ్చి గట్టిగా నొక్కాను. జావ ఊపిరితిత్తుల్లోకి పోయింది. నా అరచేతిలోనే రెండుసార్లు తన్నుకుని పోయింది. పెద్దాయన దాన్ని నా చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనిపించింది.

మూడో వారం సోమవారం ఆ గేదె మనిషి వచ్చింది. గేదె ఏం తింటుందో నమూనా తెమ్మని డాక్టరుగారు కబురు పెట్టారు. గుడ్డలో కట్టిన పిల్లిపెసర ఒక చేతిలో, పాల క్యాను ఇంకో చేతిలో. పిల్లిపెసరంటే మా వైపు గొడ్ల కోసం చల్లే మేత, పెసర మొక్కలాంటిదే.

"ఎవురూ కొంటంలా బాబూ. పితక్కపోతే పొదుగు బిగుసుకుపోద్ది. మీరన్నా తాగండి," అని క్యాను నా బల్ల మీద పెట్టింది.

క్షయ పరీక్ష చేసేవాళ్లకే ఆ పాలు తెచ్చిచ్చిన అమాయకత్వానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుమాస్తా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పెద్దాయన మాత్రం క్యాను తీసుకెళ్లి స్టవ్ మీద మూడు పొంగులు రానిచ్చి, గ్లాసులో పోసుకుని ఊదుకుంటూ తాగాడు.

"భయం లేదా?" అన్నాను.

"మీరే చెప్పారు గదండీ, మరగనిస్తే లోపలున్నదంతా సచ్చిద్దని," అన్నాడు మీసాలు తుడుచుకుంటూ.

ఆ మాట నా చెవిలో పడింది గానీ బుర్రలోకి దిగడానికి రెండు రోజులు పట్టింది.

ఆయన పాలు తాగి షెడ్డులోకి వెళ్లేసరికి ఆమె అక్కడుంది. వెనకే నేనూ వెళ్లాను. గినీపిగ్గునొకదాన్ని ఒళ్లో వేసుకుని, పిల్లిపెసర ఆకు అరచేతిలో నలిపి, పమిటకొంగు ఆ పసరులో ముంచి దాని నోటి పక్కన పెడుతోంది. అది చప్పరిస్తోంది.

"ఏమ్మా! ఏం పెడుతున్నావ్ దానికి? ఎవరు రానిచ్చారు నిన్ను లోపలికి?" అని అరిచాను.

"పస్తుండిందయ్యా పాపం. ఎవురియ్యి?"

"గవర్నమెంటువి."

"గవర్నమెంటు మేత పెట్టదా?"

పెద్దాయన తల పక్కకు తిప్పుకుని దగ్గాడు. నేను ఆమెను బయటికి పంపించాను. పిల్లిపెసర కట్ట అక్కడే మరిచిపోయింది. అది మరిచిపోవడం కాదని తర్వాత అర్థమైంది.

బుధవారానికి ఆ ఒక్క గినీపిగ్గు బోను కమ్మీలు పట్టుకుని నిలబడింది. పెద్దాయన నాకు తెలియకుండా మిగతా పిల్లిపెసర దానికే పెట్టాడు. ఎనిమిదింటికీ చాలదని ఒకదానికే పెట్టానన్నాడు. నేను పాత పుస్తకం తీశాను. వాచిన కీళ్లు, రేగిన బొచ్చు, ఎత్తుకుంటే అరుపు. స్కర్వీ. సి విటమిన్ లోపం. కింద చిన్న అక్షరాల్లో, ఈ విటమిన్ వేడికి నశిస్తుందని. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులొచ్చాయి. ఆ పుస్తకం మూసి ఆటోక్లేవు వైపు చూశాను. అది తన పని తాను చక్కగా చేసింది.

శుక్రవారం తూకం. చుక్క పెట్టిన రెండూ మళ్లీ తగ్గాయి. డాక్టరుగారు రిజిస్టరు చూసి పెదవి విరిచారు.

"ఇంకేం కావాలయ్యా? చిక్కిపోయాయి, ఆరు వారాలుండేట్టు కూడా లేవు. అక్కడ పిల్లల హాస్టలు. రేపు ఏదన్నా అయితే నన్నడుగుతారు. క్షయ ఉన్నట్టే అని రిపోర్టు టైపు చేయించు. సోమవారం సంతకం పెడతా."

చెప్పాల్సిన మాట నాలుక మీద ఉంది. సార్, సూది వెయ్యనివి కూడా చిక్కిపోయాయి. అంతే. ఐదు మాటలు. కానీ ఆ ఐదూ బయటికొస్తే చార్టు పోతుంది, హైదరాబాదు ఉత్తరం పోతుంది, ఫస్టు క్లాసు పోతుంది. "అలాగే సార్," అన్నాను. నేనే రాసి, నేనే పక్కన నిలబడి టైపు చేయించాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నా ఉద్యోగంలో నేను సిగ్గుపడాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, ఇది వాటన్నిటికన్నా ముందుంటుంది.

సోమవారం పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి పెద్ద మోపు. దాని మీద ఒక ఉగ్గుగిన్నె. పసిపిల్లలకు ఉగ్గు పోస్తారే, ముక్కున్న చిన్న గిన్నె, అది.

"నా పిల్లలు ముగ్గురూ దీంతోనే తాగారయ్యా. కొంగుతో అయితే సగం ఒలికిపోతంది." తర్వాత గొంతు తగ్గించి, "నా బర్రె సంగతి ఏవన్నా తెలిసిందా బాబూ?" అంది.

రిపోర్టు లోపల బల్ల మీద సంతకం కోసం కాచుకుని ఉంది. నేను లోపలికి వెళ్లాను.

"సార్, సూది వెయ్యనివి కూడా చిక్కిపోయాయి."

కలం మూత తీస్తున్న డాక్టరుగారి చెయ్యి ఆగింది. "అంటే?"

"గేదె పాలవల్ల కాదు సార్. నా ముద్దవల్ల."

"నిమ్మరసం పిండావుగా?"

"పిండాక ఉడికించాను సార్."

ఆయన డాక్టరు, ఇంకో ముక్క చెప్పక్కర్లేకపోయింది. కలం మూత పెట్టేశారు. అప్పుడు అడిగారు.

"ఆ చార్టు మీద సంతకం ఎవరిది?"

"మీదే సార్."

"హైదరాబాదు పంపింది?"

"మీరే సార్."

ఆయన రిపోర్టు తీసి సొరుగులో పెట్టారు. చించలేదు, ఎందుకన్నా మంచిదని. "పచ్చి ఆకు పెట్టాలి. మందు పడని ఆకు ఈ జిల్లాలో ఎక్కడ దొరుకుతుందయ్యా?"

"బయట బెంచీ మీదుంది సార్."

కిటికీలోంచి చూశారు. "ఆవిడ పార్టీ కదయ్యా! ఎవరి పశువు మీద పరీక్షో వాళ్లే వచ్చి మేత పెడితే ఆ పరీక్ష చెల్లుతుందా?"

"పెట్టకపోతే పరీక్షకి జంతువే ఉండదు సార్."

మా డాక్టరుగారు చెడ్డవాడు కాదు. భయస్థుడు, అంతే. ఆ మధ్యాహ్నమే పొదిలి క్యాంపు వేసుకుని వెళ్లిపోయారు. వెళ్తూ, "నేనేమీ చూడలేదు. ఇంకో రెండు వారాలు గడువు పెంచు," అన్నారు. రిజిస్టరులో 'కాలానుగుణంగా ఆహారంలో మార్పు' అని రాశాను. నా ముద్ద కథ ప్రభుత్వ రికార్డుల్లో అలా ముగిసింది. చార్టును వెనక్కి తెప్పించడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

ఆ తర్వాత ఆమె సోమవారం, గురువారం బస్సులో వచ్చేది. తన బర్రె కోసం చల్లుకున్న ముక్కలో మందు కొట్టనిచ్చేది కాదు, అందుకని ఆ ఆకు శుభ్రమైనది. పిల్లిపెసర రోట్లో నూరి పసరు పిండేది. అందులో నానబెట్టిన తవుడు, పుట్నాల పొడి కలిపేది. నేను నిమ్మచుక్కలు పిండేవాణ్ణి, పచ్చివి. గినీపిగ్గును పాత తువ్వాలులో చుట్టి ఒళ్లో పడుకోబెట్టి, ఉగ్గుగిన్నె ముక్కు పెదవి పక్కనుంచి పెట్టి, రెండో చేతి వేలు గొంతు మీద ఉంచేది.

"గుటక పడిందాకా ఇంకో చుక్క పొయ్యగూడదయ్యా," అంది నాతో. "తొందరపడితే పొలమారుద్ది."

నా చేతిలో పోయిన దాని సంగతి ఆమెకు తెలియదు. పెద్దాయన చెప్పలేదు. నేను ఆ వేలు ఎక్కడ పెట్టిందో చూసి నేర్చుకున్నాను. తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు ఎంతోమంది కుర్రాళ్లకు అదే నేర్పాను, నేనే కనిపెట్టినట్టు.

చుక్క పెట్టిన రెండూ అందరికన్నా నీరసంగా ఉండేవి కాబట్టి ఆమెకు వాటి మీదే ధ్యాస ఎక్కువ. "వంకాయ చెవులయ్యి తాగినయ్యా?" అని వస్తూనే అడిగేది. ఆ చుక్కలెందుకని ఒకసారి అడిగితే గుర్తుకన్నాను. దేనికి గుర్తో చెప్పలేదు. చెబితే ఆమె చెయ్యి వణుకుతుందనుకున్నాను. అది సగం నిజం. ఆమె మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేకపోవడం మిగతా సగం.

నెల తిరిగేసరికి రెండూ నున్నగా తేరుకున్నాయి. బరువులు పెరిగాయి. ఆమె గొంతు విని రెండు కాళ్ల మీద లేచి కీచుమనేవి.

ఎనిమిదో వారం శనివారం పొద్దున వాటిని కోశాం. లోపల అంతా శుభ్రంగా ఉంది. కాలేయం మీద ఒక్క మచ్చ లేదు, ఒక్క గడ్డ లేదు. క్షయ లేదని డాక్టరుగారు సంతకం పెట్టారు. పాత రిపోర్టు అప్పుడు చించారు.

సోమవారం ఆమె మోపుతో వచ్చింది. కాగితం చేతికిచ్చి, "నీ బర్రెకి ఏ జబ్బూ లేదమ్మా. రేపటినుంచి పాలు పోసుకో," అన్నాను. కాగితం కళ్లకద్దుకుని అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది. పెద్దాయన మంచినీళ్లిచ్చాడు. తాగి, కళ్లు తుడుచుకుని, మోపెత్తుకుని షెడ్డులోకి వెళ్లింది. మేమిద్దరం బయటే ఉండిపోయాం.

"వంకాయ చెవులయ్యి యేవయ్యా?"

ఇక తప్పలేదు. చెప్పాను. వాటికి ఎక్కించింది నీ గేదె పాలేనని, లోపల చూస్తేనే తేలుతుందని, అందుకే కోశామని.

"నా బర్రె కోసమేనా?"

"అవునమ్మా."

"మరి నా చేత ఎందుకు తాగిచ్చారయ్యా?"

"ఆ వారాలన్నీ బతికుంటేనే పరీక్ష లెక్కలోకొస్తుంది."

ఆమె మిగిలిన ఆరింటికీ ఆకు వేసింది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది. కాగితం మడిచి రొంటిన దోపుకుంది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఆ పొద్దున తాగిచ్చారా ఆటికి?"

శనివారం పొద్దున పెద్దాయన గిన్నె పట్టుకుని వస్తే, ఎలాగూ కోసేవాటికి దేనికి దండగ అని ఆపింది నేనే. నేను బల్ల సర్దుకున్నంతసేపూ అవి రెండూ మేత కోసం అరుస్తూనే ఉన్నాయి.

"తాగించామమ్మా," అన్నాను.

ఆమె నమ్మలేదు కాబోలు, పెద్దాయన వైపు చూసింది.

"అవును చెల్లెమ్మా," అన్నాడాయన. "కడుపునిండా. నేనే తాగిచ్చా."